బీఎంఐ 24.9 అంటే బాగున్నట్టా, లేనట్టా?

మీ ప్రశ్నలో ముగ్గురి వివరాలు ఉన్నాయి. మీకు 38 ఏళ్లు, ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 70 కిలోలు. ఒక యాప్ మీ బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందా అని చూసే లెక్క) 24 అని చూపించి నార్మల్ అంది, మరొకటి 24.9 అని చెప్పి అధిక బరువు అంది, హెల్త్ చెకప్ రిపోర్టులో 25.1 వేసి ఊబకాయం అని రాశారు. వీటిలో ఏది నమ్మాలి, అసలు బీఎంఐని పట్టించుకోవాలా అని అడిగారు. మీ నాన్నగారికి 68 ఏళ్లు, ఎత్తు 165 సెంటీమీటర్లు. పోయినేడాది 66 కిలోలు ఉన్నవారు ఇప్పుడు 60 ఉన్నారు, బీఎంఐ 22 కాబట్టి ఆయన గురించి బెంగ లేదన్నారు. పదేళ్ల పాపకు 138 సెంటీమీటర్లు, 37.7 కిలోలు. బీఎంఐ 19.8 వచ్చింది, అదీ నార్మల్ అనే యాప్ చెప్పిందన్నారు.

ముందు నాన్నగారి సంగతి చెబుతాను. మిగతా రెండూ నెల ఆగినా ఫర్వాలేదు, ఇది ఆగకూడదు.

చార్టు ప్రకారం చూస్తే ఆయన 24.2 నుంచి 22కి దిగారు, అంటే మెరుగైనట్టే కనిపిస్తుంది. కానీ ఆయన తగ్గాలనుకుని తగ్గలేదు. ఏడాదిలో 6 కిలోలంటే అంతకుముందున్న బరువులో 9 శాతం. ప్రయత్నం లేకుండా 6 నుంచి 12 నెలల్లో 5 శాతం బరువు పోతే కారణం వెతకాలన్నది వైద్యంలో పాత నియమం. బీఎంఐ ఎంత ఉందన్నది అక్కడ లెక్కలోకి రాదు. కొత్తగా వచ్చిన షుగర్, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, క్షయ, కడుపులోనో పేగుల్లోనో ఊపిరితిత్తుల్లోనో క్యాన్సర్, గుండె లేదా కిడ్నీ జబ్బు, డిప్రెషన్, మింగడంలో ఇబ్బంది, పళ్లు ఊడి నమల్లేకపోవడం, వాడుతున్న మందులు, ఇలా జాబితా పెద్దదే. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది, తొందరగా తెలిస్తే ఇంకా సులువు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పాత బరువు ఏ తేదీన ఎంత ఉందో, ఇప్పుడెంతో కాగితం మీద రాసుకుని వెళ్లండి. “ఈ మధ్య కాస్త సన్నబడ్డారు” అంటే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. “ఏడాదిలో 66 నుంచి 60, డైటింగ్ చేయలేదు” అంటే పరీక్షలు మొదలవుతాయి. ఆయన వాడే మందులన్నీ వెంట తీసుకెళ్లండి.

పెద్ద వయసులో బీఎంఐ ఎందుకు మోసం చేస్తుందో కూడా తెలుసుకోండి. వయసుతో కండ కరుగుతుంది, దాని స్థానంలో కొవ్వు చేరుతుంది. బరువు మారకపోయినా శరీరం లోపల సరుకు మారిపోతుంది. ఇంట్లో చూడగలిగిన పరీక్షలు రెండున్నాయి. చేతులు ఛాతీ మీద కట్టుకుని, కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమనండి. ఆసియా దేశాల నిపుణులు 2019లో పెట్టుకున్న ప్రమాణం ప్రకారం 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే కండ బలం సందేహించాలి. రెండోది పిక్క చుట్టుకొలత. పిక్క బాగా లావుగా ఉన్నచోట టేపు పెట్టి కొలిస్తే మగవాళ్లకు 34, ఆడవాళ్లకు 33 సెంటీమీటర్లకు తగ్గకూడదు. కాళ్ల వాపు ఉంటే ఈ కొలత పనికిరాదు. ఇంకొక మాట: 165 అన్నది ఇప్పుడు కొలిచిన ఎత్తేనా, పాత కాగితాల్లోదా చూడండి. వయసులో ఉన్నప్పటికంటే 4 సెంటీమీటర్లకు పైగా తగ్గి ఉంటే వెన్నుపూసలు నలిగి ఉండవచ్చు, ఎముకల పరీక్ష గురించి కూడా అడగండి.

ఇక మీ మూడు నంబర్లు. మూడు లెక్కలూ మీ 70 కిలోల మీదే వేశారు, తేడా అంతా ఎత్తులో ఉంది. బీఎంఐ అంటే కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించడం. 5 అడుగుల 6 అంగుళాలంటే 66 అంగుళాలు, అంగుళానికి 2.54 చొప్పున 167.6 సెంటీమీటర్లు. 70ని 1.676తో ఒకసారి, వచ్చినదాన్ని మళ్లీ 1.676తో భాగిస్తే 24.9. మొదటి యాప్‌లో మీరు ఎత్తు గడిలో 5.6 అని కొట్టి ఉంటారు. అది 5.6 అడుగులనుకుంది, అంటే 170.7 సెంటీమీటర్లు. మీకు 3 సెంటీమీటర్లు ఎత్తు కలిసి బీఎంఐ 24కి దిగింది. ఇది చాలామంది చేసే పొరపాటు. 5 అడుగుల 10 అంగుళాలవాళ్లు 5.10 అని కొడితే ఇంకా ఘోరం, యాప్ వాళ్లను 5.1 అడుగులవాళ్లుగా లెక్కేసి 155 సెంటీమీటర్లకు కుదిస్తుంది. ఎప్పుడూ సెంటీమీటర్లలోనే ఇవ్వండి. చెకప్‌లో దశాంశం వదిలేసి 167 వేసినట్టున్నారు, అందుకే 25.1.

మీ ఎత్తుకి ఒక సెంటీమీటరు తేడా వస్తే బీఎంఐ 0.3 మారుతుంది, ఒక కిలో తేడా వస్తే 0.36 మారుతుంది. కాబట్టి దశాంశం తర్వాతి అంకె మీద ఆధారపడి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. అయినా ఒకసారి సరిగ్గా కొలుచుకోండి. ఎత్తుకి చెప్పులు, సాక్సు తీసేసి, మడమలు, పిరుదులు, వీపు గోడకు ఆనించి నిలబడాలి. తల పైకెత్తకూడదు, వంచకూడదు. కంటి గుంట కింది అంచు, చెవి రంధ్రం పైభాగం ఒకే మట్టంలో ఉండాలి. ఇంకొకరు గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని గోడకు లంబంగా ఆనించి తల మీదికి దించి, జుట్టు అణిగేలా నొక్కి, గుర్తు పెట్టాలి. పొద్దున కొలిస్తే సాయంత్రం కంటే సెంటీమీటరు వరకు ఎక్కువ రావచ్చు, వెన్నుపూసల మధ్య డిస్కులు పగలంతా నలుగుతాయి కాబట్టి. బరువుకి మెషీన్‌ను గట్టి నేల మీదే పెట్టండి, కార్పెట్ మీద పెడితే తప్పు చూపిస్తుంది. పొద్దున టాయిలెట్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, రోజూ ఒకేలాంటి తేలిక బట్టల్లో మూడు రోజులు చూసి సగటు తీయండి. నీరు, ఉప్పు, కడుపులో ఉన్న ఆహారం వల్లనే ఒక రోజులో కిలో నుంచి రెండు కిలోలు అటూ ఇటూ అవుతుంది.

నంబరు ఒకటే అయినా ఒకచోట నార్మల్, మరొకచోట అధిక బరువు అని రావడానికి కారణం గీతలు వేరు కావడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాధారణ పట్టికలో 18.5 కంటే తక్కువైతే తక్కువ బరువు, 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం. ఆ సంస్థ నిపుణులే 2004లో ఆసియా జనాభా కోసం అదనంగా 23, 27.5 దగ్గర జాగ్రత్తపడాల్సిన గుర్తులు సూచించారు. 2009లో భారతీయ వైద్యులు తయారుచేసిన మార్గదర్శకాల్లో 23 నుంచి అధిక బరువు, 25 నుంచి ఊబకాయం. మీ మొదటి యాప్ అంతర్జాతీయ పట్టిక వాడింది, మిగతా రెండూ భారతీయ పట్టిక వాడాయి. అంతకుమించి వాటి మధ్య గొడవేమీ లేదు.

ఈ గీతలు ప్రకృతి గీసినవి కావు. 1998 వరకు అమెరికాలో అధిక బరువు గీత మగవాళ్లకు 27.8, ఆడవాళ్లకు 27.3 దగ్గర ఉండేది. ఆ ఏడాది దాన్ని ఇద్దరికీ 25కి దించారు. కోట్లమంది ఒక్క గ్రాము కూడా పెరగకుండానే అధిక బరువు వర్గంలోకి వచ్చేశారు. ముప్పు 24.9 దగ్గర లేకుండా 25.1 దగ్గర ఒక్కసారిగా పుట్టదు, అది మెల్లగా పెరుగుతూ పోయే వాలు. ఆ వాలు మీద వాడుక కోసం ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు కాబట్టి గీశారు.

ఈ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే దీని బలం, బలహీనత రెండూ అర్థమవుతాయి. బెల్జియంకు చెందిన గణాంక శాస్త్రవేత్త అడాల్ఫ్ క్వెటెలే 1830లలో సగటు మనిషి కొలతల మీద పనిచేస్తూ, పెద్దవాళ్లలో బరువు దాదాపుగా ఎత్తు వర్గాన్ని (ఎత్తును ఎత్తుతోనే హెచ్చిస్తే వచ్చేదాన్ని) బట్టి పెరుగుతుందని గమనించాడు. ఆయనకు కావలసింది జనాభా లెక్క. ఎవరికి ఏ జబ్బు వస్తుందో చెప్పడం ఆయన ఉద్దేశం కాదు. 1972లో అమెరికా పరిశోధకుడు ఆన్సెల్ కీస్ బృందం ఐదు దేశాల్లోని ఏడు వేలమందికి పైగా మగవాళ్ల కొలతలతో ఇలాంటి సూత్రాలను పోల్చి, వాటిలో ఇదే కాస్త మెరుగని తేల్చి, బాడీ మాస్ ఇండెక్స్ అనే పేరు ఖాయం చేసింది. అక్కడ చూసింది మగవాళ్లనే అన్నది గుర్తుంచుకోవాలి. వర్గం అన్న లెక్క కూడా ఉజ్జాయింపే. మరీ పొట్టివాళ్లకు అసలున్న కొవ్వు కంటే తక్కువగా, మరీ పొడుగువాళ్లకు ఎక్కువగా చూపిస్తుంది. ఆక్స్‌ఫర్డ్ గణిత శాస్త్రవేత్త నిక్ ట్రెఫెథెన్ 2013లో ఎత్తుకు వర్గం (అంటే 2 ఘాతం) బదులు 2.5 ఘాతం వాడి, ఫలితాన్ని 1.3తో హెచ్చించమని ప్రతిపాదించాడు. అలా చేస్తే 150 సెంటీమీటర్లవాళ్లకు 6 శాతం పెరుగుతుంది, 190 సెంటీమీటర్లవాళ్లకు దాదాపు అంతే తగ్గుతుంది. 169 దగ్గర రెండు లెక్కలూ ఒకటే, కాబట్టి మీకు తేడా రాదు.

అలాగని బీఎంఐ పనికిమాలిందని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. 2016లో 239 అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణలో, ఎన్నడూ పొగతాగని, అప్పటికే పెద్ద జబ్బులు లేని వాళ్లలో మరణాలు 20 నుంచి 25 మధ్య బీఎంఐ దగ్గర అతి తక్కువగా ఉన్నాయి. రెండు వైపులా దూరం జరిగే కొద్దీ పెరిగాయి. పొగతాగేవాళ్లను ఎందుకు తీసేయాలంటే, వాళ్లు సన్నగా ఉంటారు, త్వరగా పోతారు కూడా. వాళ్లను కలిపితే సన్నగా ఉండటమే ప్రమాదమన్నట్టు లెక్క వంకరపోతుంది. లక్షలమందిని ఒకచోట చేర్చినప్పుడు బీఎంఐ నిజమే చెబుతుంది. ఒక్క మనిషి దగ్గరికొచ్చేసరికి దానికి తోడు కావాలి.

ఎందుకో ఒక్క ఉదాహరణతో చెబుతాను. మధుమేహ పరిశోధకులు చిత్తరంజన్ యాజ్ఞిక్, జాన్ యుడ్కిన్ 2004లో వైద్య పత్రిక లాన్సెట్‌లో తమ ఫొటో పక్కపక్కన ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ అచ్చంగా ఒకటే, 22.3. కొవ్వు శాతం మాత్రం యుడ్కిన్‌కి 9.1, యాజ్ఞిక్‌కి 21.2. ఒకరు యూరోపియన్, ఒకరు భారతీయుడు. ఇంత తేడా అందరిలో ఉండకపోవచ్చు. కానీ వయసు, బీఎంఐ ఒకటే అయినా దక్షిణాసియా మూలాలున్నవాళ్లలో కొవ్వు శాతం సాధారణంగా 3 నుంచి 5 పాయింట్లు ఎక్కువ ఉంటుంది, కండ తక్కువ ఉంటుంది. ఇంగ్లండ్‌లో దాదాపు 15 లక్షలమంది రికార్డులతో 2021లో వచ్చిన అధ్యయనం ప్రకారం, తెల్లవాళ్లకు బీఎంఐ 30 దగ్గర టైప్ 2 షుగర్ వచ్చే ముప్పు ఎంతో, దక్షిణాసియావాళ్లకు 23.9 దగ్గరే అంత. మీ 24.9ని నేను నార్మల్ అనకపోవడానికి అదే కారణం.

కొవ్వు ఎంత అన్నదానికంటే ఎక్కడ అన్నది ముఖ్యం. చర్మం కింద, ముఖ్యంగా తొడలు, పిరుదుల దగ్గర చేరే కొవ్వు చాలావరకు నెమ్మదిగా ఓ మూల పడి ఉంటుంది. అక్కడ దాచుకునే చోటు ఒక్కొక్కరికి ఒక్కో పరిమాణంలో ఉంటుంది. అది నిండాక మిగిలిన కొవ్వు గిన్నె నిండి పొర్లినట్టు కాలేయంలోకి, క్లోమంలోకి, కండరాల్లోకి, పేగుల చుట్టూ చేరుతుంది. కాలేయంలో చేరిన కొవ్వు ఇన్సులిన్ మాట విననివ్వదు. రాత్రంతా కాలేయం అవసరం లేకపోయినా చక్కెరను రక్తంలోకి వదులుతూ ఉంటుంది, పొద్దున పరగడుపు షుగర్ పెరుగుతుంది, రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వులు పెరుగుతాయి. కొందరికి ఆ గిన్నె బీఎంఐ 32 దగ్గర నిండుతుంది, కొందరికి 23 దగ్గరే. బరువు మెషీన్‌కి ఈ తేడా తెలియదు, నడుము చుట్టూ పెట్టే టేపుకి చాలావరకు తెలుస్తుంది.

మీరు ప్యాంటు సైజు 34 కాబట్టి నడుము 86 సెంటీమీటర్లు అనుకున్నారు, టేపు పెడితే 95 వచ్చిందని మీరే రాశారు. టేపుదే నిజం. ప్యాంటును బొజ్జ కిందికి దించి కట్టుకుంటాం, పైగా బట్టల కంపెనీల 34 ఎప్పుడూ నిజమైన 34 అంగుళాలు కాదు. అయితే 95 బొడ్డు దగ్గర కొలిచిందైతే మళ్లీ కొలవండి. పక్కటెముకల్లో ఆఖరిదాని కింది అంచును పక్కభాగంలో వేలితో పట్టుకోండి, తుంటి ఎముక పై అంచును పట్టుకోండి, రెండింటికీ సరిగ్గా మధ్య గుర్తు పెట్టండి. టేపు ఆ గుర్తు మీదుగా నేలకు సమాంతరంగా వెళ్లాలి. వెనకవైపు కిందికి జారడం మామూలే, అద్దంలో చూసుకోండి, లేదా ఇంకొకరిని చూడమనండి. టేపు చర్మానికి తగలాలి కానీ నొక్కకూడదు. మామూలుగా ఊపిరి వదిలాక, ఇంకా పీల్చకముందు చూడాలి. పొట్ట లోపలికి లాగితే మోసపోయేది మీరే. రెండుసార్లు కొలిచి సెంటీమీటరు కంటే ఎక్కువ తేడా వస్తే మూడోసారి కొలవండి.

దక్షిణాసియా మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు జాగ్రత్త గీత. దీనికంటే గుర్తుపెట్టుకోవడానికి సులువైనది, ఎత్తు తేడాలను కూడా పట్టించుకునేది, నడుమును ఎత్తుతో భాగించడం. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2022 నుంచి బీఎంఐ 35 లోపు ఉన్న పెద్దవాళ్లందరికీ దీన్ని కూడా చూడమంటున్నాయి. 0.5 లోపు మంచిది, 0.5 నుంచి 0.59 ముప్పు పెరిగినట్టు, 0.6 దాటితే ముప్పు ఎక్కువ. మీ 95ని 167.6తో భాగిస్తే 0.57. ఎత్తులో సగమంటే మీకు 84 సెంటీమీటర్లు, మీరు దానికి 11 పైన ఉన్నారు. మీ మూడు బీఎంఐ నంబర్ల కంటే ఈ ఒక్క నంబరే మీ గురించి ఎక్కువ చెబుతోంది.

కండ వల్ల బీఎంఐ పెరిగిందేమో అని రాశారు. అలా జరుగుతుంది. 180 సెంటీమీటర్ల ఎత్తు, 95 కిలోల బరువున్న రగ్బీ ఆటగాడికి బీఎంఐ 29 దాటుతుంది. కానీ అతని నడుము 85 దగ్గర ఉంటుంది, ఎత్తులో సగానికి తక్కువే. బీఎంఐ ఎక్కువ, నడుము నిష్పత్తి 0.5 లోపు అయితే కండ అనుకోవచ్చు. మీ విషయంలో వ్యవహారం ఉల్టాగా ఉంది, బీఎంఐ మధ్యస్తం, నడుము ఎక్కువ.

ఇంట్లో ఉన్న స్మార్ట్ మెషీన్ కొవ్వు 22 శాతం అని చూపించిందన్నారు. ఆ మెషీన్లు పాదాల గుండా సన్నటి కరెంటు పంపి, అది ఎంత సులువుగా వెళ్లిందో చూసి శరీరంలోని నీటిని, దాన్నుంచి కొవ్వును ఊహిస్తాయి. నీళ్లు తాగినా, చెమట పట్టినా, వ్యాయామం చేసినా అంకె మారుతుంది. పైగా మీరు ఎక్కించిన ఎత్తు, వయసు, లింగం ఆ లెక్కలో పెద్ద పాత్ర పోషిస్తాయి. చూడండి, 1991 నాటి ఒక ప్రసిద్ధ సూత్రం ఉంది. బీఎంఐని 1.2తో హెచ్చించి, వయసును 0.23తో హెచ్చించి కలిపి, మగవాళ్లయితే 10.8 తీసేసి, ఆపైన 5.4 తీసేయడం. మీ నంబర్లు వేస్తే 22.4 వస్తుంది. కరెంటు లేకుండా కాగితం మీదే మీ మెషీన్ జవాబు వచ్చేసింది! ఆ సూత్రానికి నాలుగు పాయింట్ల దాకా పొరపాటు మామూలే, పైగా అది యూరోపియన్ల కొలతల మీద కట్టింది. కాబట్టి ఆ 22ను నిజమని తీసుకోకండి. ఒకే మెషీన్ మీద, ఒకే వేళ, నెలకోసారి చూస్తే పెరుగుతోందా తగ్గుతోందా అన్నది మాత్రం తెలుస్తుంది. కచ్చితంగా కావాలంటే కొవ్వు, కండ, ఎముకలను ఎక్స్‌రేతో విడివిడిగా కొలిచే డెక్సా స్కాన్ ఉంది, కానీ మీకు ఇప్పుడు దాని అవసరం లేదు. అది చెప్పబోయేది టేపు ఇప్పటికే చెప్పేసింది.

2025లో లాన్సెట్ తరఫున కూర్చున్న అంతర్జాతీయ నిపుణుల బృందం కూడా ఇదే దారి చూపింది. బీఎంఐ ఒక్కదాన్నే పట్టుకుని ఊబకాయం అని తేల్చకండి, నడుము లాంటి మరో కొలతతో అదనపు కొవ్వు ఉందని రూఢి చేసుకోండి, ఆపైన దానివల్ల అవయవాలకు గానీ రోజువారీ పనులకు గానీ దెబ్బ తగిలిందా చూడండి అన్నారు. దెబ్బ తగిలితే అది జబ్బు, వైద్యం చేయాలి. తగలకపోతే అది ముప్పు, కనిపెట్టుకుని ఉండాలి. మీరు వీటిలో ఎక్కడున్నారో చెప్పాలంటే రక్త పరీక్షలు కావాలి, మీరు అవి రాయలేదు.

పరగడుపున షుగర్ (100 నుంచి 125 ఉంటే షుగర్ ముందు దశ, 126 నుంచి షుగర్), హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష, 5.7 నుంచి 6.4 ముందు దశ, 6.5 నుంచి షుగర్), ట్రైగ్లిజరైడ్లు (150 లోపు ఉండాలి), హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్, మగవాళ్లకు 40, ఆడవాళ్లకు 50కి తగ్గకూడదు), లివర్ ఎంజైములు, వీటితోపాటు బీపీ చూపించుకోండి. నడుము, బీపీ 130/85, పరగడుపు షుగర్ 100, ట్రైగ్లిజరైడ్లు, హెచ్‌డీఎల్, ఈ ఐదింటిలో ఏ మూడు గీత దాటినా మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు, అంటే షుగర్, గుండె జబ్బుల ముప్పు పెంచే లక్షణాల గుంపు. నడుముతో మీకు ఒకటి ఇప్పటికే పడింది. షుగర్ గీత ఒక్కసారి దాటినంత మాత్రాన నిర్ధారణ చేయరు, లక్షణాలు లేకపోతే మళ్లీ పరీక్ష చేస్తారు.

బరువు ఎంత తగ్గాలి అన్నదానికి నా జవాబు: ఏదో పట్టికలో చూపిన ఆదర్శ బరువు వెంట పడకండి. 5 నుంచి 7 శాతం, అంటే మీకు మూడున్నర నుంచి 5 కిలోలు చాలు మొదటి మజిలీకి. అమెరికాలో షుగర్ ముందు దశలో ఉన్నవాళ్ల మీద జరిగి 2002లో ఫలితాలు వచ్చిన పెద్ద ప్రయోగంలో, 7 శాతం తగ్గుదల, వారానికి 150 నిమిషాల నడకలాంటి వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లలో షుగర్ రావడం 58 శాతం తగ్గింది. అంత కొద్ది తగ్గుదలకే ఇంత ఫలితం ఎందుకంటే కాలేయం, పేగుల చుట్టూ ఉన్న కొవ్వు ముందుగా కరిగేవాటిలో ఉంటుంది. వారానికి అరకిలో మించి తొందరపడొద్దు. తిండి తగ్గించి వ్యాయామం మానేస్తే పోయిన బరువులో పావు వంతు దాకా కండే కావచ్చు. అప్పుడు బీఎంఐ బాగుపడి శరీరం పాడవుతుంది. మళ్లీ బరువు పెరిగితే తిరిగొచ్చేది ఎక్కువగా కొవ్వే. అందుకే వారానికి కనీసం రెండు రోజులు బరువులెత్తే వ్యాయామం, భోజనం ప్రతిసారీ ప్రొటీన్ ఉండేలా చూసుకోవడం తప్పనిసరి. కిడ్నీ జబ్బు ఉంటే ప్రొటీన్ ఎంత అన్నది డాక్టర్నే అడగాలి. కొన్ని వారాలు బరువు కదలకుండా నడుము ఒకటి రెండు సెంటీమీటర్లు తగ్గితే నిరాశ పడకండి, మీరు కోరుకున్నది సరిగ్గా అదే. హెచ్‌బీఏ1సీ మూడు నెలలకు ముందు మళ్లీ చేయించడం వల్ల ఉపయోగం లేదు, అది గడిచిన రెండు మూడు నెలల సగటు చూపిస్తుంది.

పాప విషయంలో యాప్ తప్పు చెప్పింది. 18.5, 23, 25 గీతలు పెద్దవాళ్లవి. పిల్లల బీఎంఐ పుట్టాక మొదటి ఏడాదిలో పెరిగి, తర్వాత తగ్గుతూ, ఐదారేళ్ల దగ్గర అట్టడుగుకు వచ్చి, అక్కడి నుంచి మళ్లీ పెరుగుతుంది. అందుకే వయసు, ఆడా మగా చూసి పెరుగుదల చార్టు మీద గుర్తు పెట్టాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టులో పదేళ్ల ఆడపిల్లకు మధ్య గీత 16.6, అధిక బరువు గీత దాదాపు 19, ఊబకాయం గీత 22.6. 19.8 అంటే అధిక బరువు వర్గంలో పడుతుంది, ఊబకాయానికి దూరంగానే ఉంది. పిల్లకు బరువు తగ్గించాల్సిన పని లేదు, తగ్గించకూడదు కూడా. ఎత్తు పెరిగే వయసు ఇది. వచ్చే ఏడాదికి 144 సెంటీమీటర్లు పెరిగి బరువు 39 దగ్గర ఆగితే బీఎంఐ 18.8కి వస్తుంది. పదకొండేళ్లకు అధిక బరువు గీత 19.9 దగ్గరికి జరుగుతుంది కాబట్టి పాప హాయిగా లోపలే ఉంటుంది. ఈ వయసులో యుక్తవయసు మార్పులు మొదలైతే కొన్నాళ్లు బరువు ముందు పెరిగి ఎత్తు తర్వాత పెరగడం కూడా జరుగుతుంది. అందుకే ఒక్క కొలత చూసి కంగారుపడకుండా, ఆరు నెలల తేడాతో రెండు మూడు కొలతలు చార్టు మీద పెట్టి గీత ఎటు పోతోందో పిల్లల డాక్టరుకు చూపించండి. మార్చాల్సినవి ఇంటిల్లిపాదికీ మార్చండి: తీపి పానీయాలు, కూర్చుని తెర చూసే సమయం, నిద్ర వేళలు. ఒక్క పాపకే వేరే పళ్లెం పెట్టొద్దు. బీఎంఐ నంబరు ఆమె ముందు మాట్లాడకండి. ఆ వయసులో విన్న మాట ఏళ్ల తరబడి లోపల ఉండిపోతుంది.

ఇక కొందరికి బీఎంఐ నేరుగా వాడకూడదు. గర్భిణులకు గర్భం రాకముందున్న బరువుతోనే లెక్కేస్తారు, దాన్ని బట్టే నెలలు నిండేసరికి ఎంత పెరగవచ్చో చెబుతారు. కాలు తీసేసినవాళ్లకు పోయిన భాగాన్ని కలుపుకోవాలి. మోకాలి కింద నుంచి తీసేస్తే అది శరీర బరువులో సుమారు 6 శాతం, కాబట్టి 60 కిలోలున్న మనిషిని 0.94తో భాగించి దాదాపు 64గా లెక్కపెట్టాలి. గుండె, కిడ్నీ, కాలేయ జబ్బులవల్ల ఒంట్లో నీరు చేరినవాళ్లలో మెషీన్ తూచేది ఆ నీటిని కూడా. అలాంటివాళ్లకు కాళ్లవాపు, ఆయాసంతో పాటు రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది తిండివల్ల కాదు, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయాలి.